తిండి పెట్టేవారి సంతకం

"మీ ఇంటి కుక్కకి చేయించారా? ముందు అది చెప్పండి."

అడిగింది వెల్డింగ్ షాపాయన. చేతిలో మూత కట్టిన బుట్ట, బుట్టలో గండుపిల్లి, గండుపిల్లి కడుపులో ఆ పొద్దున ఆరింటికి తాగిన గిన్నెడు పాలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవాల్సిన జంతువు ముందురోజు రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ ముట్టకూడదు. ముడితే మత్తులో ఉండగా కక్కుకుంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆయన టోకెను రద్దయింది. రద్దు చేసిన ఆవిడను, మెట్ల మీద ఇంకో ముప్పై మంది వింటుండగా, ఆయన ఆ ప్రశ్న అడిగాడు.

ఆ చుట్టుపక్కల అందరూ ఆవిడను టోకెనక్క అంటారు. ఆ మెట్ల మీద ఎవరేమన్నా తిరిగి రెండు అంటించకుండా ఊరుకోని మనిషి. ఆ రోజు మాత్రం, తర్వాత ఎవరని వెనకనున్న పిల్లి బుట్టావిడ వైపు తిరిగింది.

చేయించలేదు. అదీ సంగతి. అప్పటికి ఆ మెట్లెక్కి వెళ్లి ఆపరేషన్ అయి దిగివచ్చిన కుక్కలూ పిల్లులూ పద్దెనిమిది వందలు దాటాయి. వాటిలో టోకెనక్క ఇంటి కుక్క లేదు.

ఇలాంటి మనిషి గురించి రాయబోతే కలం దానంతటదే కరుణ వైపు జారిపోతుంది. మూగజీవాల సేవ అనే మాట అలవాటుగా వచ్చి కూర్చుంటుంది. ఆ మాట టోకెనక్క దగ్గర అనకూడదు. మూగజీవాలట, ఒక్క ఆదివారం పొద్దున వచ్చి ఆ గదిలో అరగంట కూర్చుని ఆ తర్వాత అనమనండి, అంటుంది. సేవ అంటే ఇంకా మండుతుంది. ఈ పనికి మూలం దయ కాదు, విసుగు. ఆ విసుగు ఎక్కడ పుట్టిందో కూడా ఆవిడకు బాగా గుర్తు.

పంతొమ్మిదేళ్లుగా ఆవిడ కరెంటు బిల్లులు కట్టించుకునే కౌంటరులో పనిచేస్తోంది. అద్దానికి చెయ్యి పట్టేంత కంత, కంతకు అటుపక్క ఊరి కోపమంతా. మీటరు తిరగడానికీ, రేటు పెరగడానికీ, రాత్రి ఫ్యాను ఆగిపోవడానికీ ఆవిడే కారణమన్నట్టు జనం ఆ కంతలోంచి మాట్లాడతారు. కౌంటరు వెనక పాత ఫైళ్ల గది. ఆ గదిలో ఒక పిల్లి మూడు నెలలకోసారి ఈనేది. ఈనినవాటిలో ఐదింట నాలుగు చచ్చేవి. వాసన మొదలయ్యాక ఊడ్చే అమ్మాయీ, ఈవిడా ముక్కుకు గుడ్డ కట్టుకుని అట్టపెట్టెలో ఎత్తి బయటపడేసేవారు. ఏడోసారో ఎనిమిదోసారో ఆ పెట్టె ఎత్తినప్పుడు టోకెనక్కకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మధ్యాహ్నం భోజనం మానేసి పశువుల ఆస్పత్రికి పోయి, ఇది ఆగాలంటే ఎంతవుతుందని డాక్టరును అడిగింది. ఆయన ఓ అంకె చెప్పాడు. అంత తన దగ్గర లేదంది. గదీ మనుషులూ ఉంటే ఆదివారం వచ్చి ఊరికే చేసిపెడతానన్నాడాయన. ఏదో నోటికొచ్చి అన్నాడు. అలా అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అంటూనే ఉంటాడు, కత్తెర చేతిలో పట్టుకుని మరీ.

గది ఉద్యోగుల క్లబ్బువాళ్లది. పై అంతస్తులో టేబుల్ టెన్నిస్ ఆడే గది. ఆడేవాళ్లు వయసుమళ్లి మోకాళ్ల నొప్పులతో మానేశాక ఖాళీగా పడి ఉంది. బల్లను రెండు ముక్కలు చేసి, ఒక సగం మీద మత్తిచ్చి బొచ్చు గొరుగుతారు, రెండో సగం మీద మందులూ దూదీ సర్దుతారు. మధ్యలో డాక్టరు తెచ్చుకునే మడత బల్ల, దాని మీద లైటు. ఆపరేషన్ అయినవి గోడవారగా పాత దుప్పట్ల మీద వరసగా పడుకుని ఉంటాయి, ఒక్కోదాని పక్కన వేడినీళ్ల సీసా, ఊపిరి లెక్కపెడుతూ ఒక మనిషి. కింద పేకాడేవాళ్లు వాసనొస్తోందని ప్రతిసారీ అర్జీ పెడతారు. వాళ్ల సిగరెట్ల వాసన మీద టోకెనక్క ఇంకో అర్జీ పెడుతుంది. రెండు అర్జీలూ క్లబ్బు కార్యదర్శి బల్లసొరుగులో కలిసిమెలిసి ఉంటున్నాయి.

రెండు వారాలకోసారి, పొద్దున ఏడు నుంచి మూడింటి దాకా, ఇరవై రెండు టోకెన్లు. అంతకుమించి డాక్టరు చెయ్యి నిలబడదు. అడిగేవాళ్లు ఎప్పుడూ అరవైకి తగ్గరు. కాబట్టి ఒక్క టోకెను వృథా అయినా ఆవిడకు తన జేబులోంచి ఎవరో లాక్కున్నట్టుంటుంది. వృథా చేసేది ఎప్పుడూ ఒక్కటే, ప్రేమ. పాపం ఆకలికి ఏడుస్తుంటే చూడలేక కాస్త పెట్టామంటారు. ఆ కాస్త పెట్టలేదని ముందు ఒట్టు కూడా వేస్తారు. అందుకే పెట్టారా లేదా అని ఆవిడ అడగదు. "గిన్నెలో ఎంత మిగిల్చింది?" అని అడుగుతుంది, ఏదో మామూలుగా రాసుకుంటున్నట్టు తలెత్తకుండా. పెట్టనివాళ్లు ఏ గిన్నె అని తెల్లమొహం వేస్తారు. పెట్టినవాళ్లు, అబ్బే మొత్తం నాకేసిందండీ అని మురిసిపోతూ దొరికిపోతారు. వెల్డింగ్ షాపాయన కూడా అలాగే దొరికాడు.

ఇంకో నియమం ఉంది. అదీ ఆవిడ పెట్టిందే. మొదటి ఏడాది ఒక లెక్కల మాస్టారు, భార్య పుట్టింటికి వెళ్లిన అదను చూసుకుని, ఆవిడ పిల్లిని తెచ్చి ఆపరేషన్ చేయించుకుపోయాడు. భార్య తిరిగొచ్చి, మెట్ల మీద కూలబడి, నన్నడక్కుండా నా పిల్లిని కోసేశారని అరిచిన అరుపులకు పేకాటవాళ్లు సైతం ముక్కలు దించేశారు. డాక్టరు ఇక రానని బ్యాగు సర్దుకున్నాడు. ఆయన్ను ఆపడానికి టోకెనక్క తల ప్రాణం తోకకు వచ్చింది. ఆ మర్నాడే ఒప్పుకోలు కాగితంలో 'యజమాని సంతకం' అన్న చోట కొట్టేసి 'తిండి పెట్టేవారి సంతకం' అని అచ్చు వేయించింది. యజమానిననే మొనగాళ్లు ఇంటికి నలుగురుంటారు, రోజూ గిన్నె కిందపెట్టేది ఒక్కరే, ఆ ఒక్కరూ వచ్చి సంతకం పెట్టాలి, లేదంటే టోకెను లేదు. ఈ నియమం మీద ఆవిడ ఎంతమందిని వెనక్కు పంపిందో లెక్కలేదు. పిల్లల్ని బడికి పంపి, వంట మధ్యలో ఆపి, తడిచేతులతో పరిగెత్తుకొచ్చి సంతకం పెట్టిపోయిన ఆడవాళ్లున్నారు.

టోకెనక్క ఇంట్లో గిన్నె కిందపెట్టేది అత్తగారు.

కుక్క పేరు చింపిరి. మూడేళ్ల కిందట, మామగారు పోయిన నెలకు, వానలో నానుతూ గేటు దగ్గర కనబడితే అత్తగారే చీరచెంగుతో తుడిచి లోపలికి తెచ్చారు. అప్పటినుంచీ అది ఆవిడ మంచం కాళ్ల దగ్గరే పడుకుంటుంది, ఆవిడ కంచంలోదే తింటుంది, ఆవిడ పిలిస్తేనే కదులుతుంది. కోడలు పిలిస్తే ఒక చెవి మాత్రం ఎత్తుతుంది.

ప్రశ్న ఎదురైన ఆ రోజు సాయంత్రం టోకెనక్క ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా, చింపిరికి ఈసారి చేయిద్దామా అత్తయ్యా అని అడిగింది. అత్తగారు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, ఒక్క ఈత ఈననీ, తర్వాత చూద్దాం అన్నారు. ఆడపుట్టుక పుట్టాక ఒక్కసారైనా పిల్లల్ని నాకకపోతే దాని మనసులో ఏముంటుందో నీకేం తెలుసన్నారు. ఒక్క ఈత అనే ఈ మాటను టోకెనక్క మెట్ల మీద ఎన్ని వందలసార్లు విందో, ఎన్ని వందలసార్లు చీల్చిచెండాడిందో. ఒక్క ఈతంటే ఆరు పిల్లలు, ఆరు ఇళ్లు చూపించండి, రాసిచ్చి సంతకం పెట్టండి అని కాగితం ముందుకు తోసేది. ఇంట్లో మాత్రం, సరే అత్తయ్యా అని చెప్పులు విడిచి లోపలికి పోయింది.

ఎందుకలా అంటే జవాబు చెప్పడం కష్టం. పెళ్లయి ఇరవై రెండేళ్లు. అత్తగారు ఒక్కనాడూ ఈవిడను పల్లెత్తు మాట అనలేదు. ఈవిడా ఎదురు చెప్పలేదు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఎంత మర్యాదగా వింటారంటే, ఆ ఇంట్లో ఏ పనీ తెమలదు. వంటింటి కుళాయి ఎడమపక్కన పెట్టాలా కుడిపక్కనా అన్నదానికి పదకొండు నెలలు పట్టింది. స్కూలు బస్సు నడిపే భర్త సంగతికొస్తే, రోజంతా అరవై మంది పిల్లల అరుపులు విని వచ్చినవాడు కాబట్టి, మీరూ మీరూ తేల్చుకోండని బనీను తీసి ఆరేస్తాడు.

డాక్టరు దగ్గర ఈ సంగతి చెబితే ఆయన విసుక్కున్నాడు. కుక్కను పట్టుకొచ్చి బల్లమీద పెట్టండి, సంతకం మీరు పెట్టండి, పావుగంట పని అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. నలుగురికీ ఒక రూలు, తనకొక రూలా. రేపు ఎవరికైనా తెలిస్తే ఆ మెట్ల మీద నిలబడగలదా. మీ రూలు మీకే ఉరితాడయ్యేలా ఉందని ఆయన అన్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. నియమం పెట్టినవాళ్లకు దాని మీద ఒక రకం మోజుంటుంది, కన్నబిడ్డ వంకర పళ్ల మీద ఉన్నట్టు.

పది నెలలు గడిచాయి. ఆ పది నెలల్లో రెండు వందలకు పైగా కుక్కలు మెట్లెక్కి దిగాయి. ఒకరోజు కూరలు తరుగుతూ అత్తగారు తనంతట తానే, సరేలే, పోనీ చేయించు, ఆదివారం నేనే వచ్చి సంతకం పెడతానన్నారు. పక్కింటివాళ్ల కుక్క ఈనితే ఆ పిల్లల్ని ఎవరూ తీసుకోక, సంచిలో పెట్టి ఎక్కడో వదిలేసి వచ్చారట. అది విన్నారు. టోకెనక్క ఆ శనివారం ఇరవై రెండో టోకెను మీద చింపిరి పేరు రాసి పర్సులో పెట్టుకుంది. ఆదివారం పొద్దున ఐదింటికి లేచి, గొలుసు చేతికి తీసుకుని, గుమ్మం దాటబోతూ, అలవాటులో పొరపాటుగా అడిగేసింది.

"అత్తయ్యా, గిన్నెలో ఎంత మిగిల్చింది?"

"సగం. రెండు బ్రెడ్డు ముక్కలు వేశా, ఒకటే తిన్నది. ఖాళీ కడుపుతో కోతకు ఎవరైనా పంపిస్తారా అమ్మాయ్?"

వేరెవరైనా అయ్యుంటే ఆవిడ నోటికి జడిసి మెట్లు దిగి పారిపోయేవాళ్లు. అత్తగారు కాబట్టి గొలుసు మేకుకు తగిలించింది. ఆ టోకెను ఒక క్షౌరశాల ఆయన ఆడకుక్కకు పోయింది. రెండు వారాలు ఆగి చూస్తే చింపిరి ఎదకు వచ్చి ఉంది. ఎదలో ఉన్నప్పుడు రక్తం ఎక్కువ పోతుంది, ఆ గదిలో అలాంటివి ముట్టుకోనని డాక్టరు మొదటినుంచీ చెబుతున్నదే. రెండు నెలలాగి తీసుకురమ్మన్నాడు. మూడు వారాలు ఆ ఇంటి గేటు బయట ఊళ్లో ఉన్న మగకుక్కలన్నీ కాపలా కాశాయి. అత్తగారు కర్ర పుచ్చుకుని లోపల కాపలా కాశారు. ఈత కావాలన్నావిడే ఈత రాకుండా కాపలా కాయడం చూసి నవ్వాలో ఏడవాలో టోకెనక్కకు తెలియలేదు.

క్లబ్బు మెట్ల పక్కన ఒక అట్ట వేలాడుతుంటుంది. టోకెనక్క పెద్దపెద్ద అక్షరాలతో రాసిందే. ఎద తగ్గిన నెలకూ రెండు నెలలకూ ఆడకుక్క నీళ్లు ఎక్కువగా తాగుతుంటే, తిండి మానేస్తే, గర్భసంచిలో చీము పట్టిందేమో చూసుకోండి, ఆలస్యం చేస్తే దక్కదు అని. చదవడం రానివాళ్లకు ఆవిడే నోటితో చదివి వినిపిస్తుంది.

చింపిరికి ఎద తగ్గిన ఆరో వారంలో, ఒక గురువారం, బిల్లు కట్టడానికి ఆఖరి తేదీ. కౌంటరు ముందు వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. పదకొండున్నరకు ఫోను మోగింది. అత్తగారు ఎప్పుడూ ఆఫీసుకు ఫోను చేయరు. చింపిరి లేవడం లేదన్నారు. ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే కళ్లు తెరవడం లేదు. నీళ్లేమైనా తాగిందా అని టోకెనక్క అడిగింది. వారం నుంచీ రోజుకు నాలుగు గిన్నెలు తాగుతోందనీ, ఎండలు కదా, మంచిదేలే అనుకున్నాననీ అత్తగారు చెప్పారు.

ఆ గిన్నె పక్కన తడిని టోకెనక్క రోజూ పొద్దున చెప్పులేసుకుంటూ చూసింది. సోమవారం అందులో కాలేసి, జారబోయి, నిలదొక్కుకుంది కూడా. కుళాయి కారుతోందేమోననుకుంది.

కంతకు అడ్డంగా పలక పెట్టి ఆవిడ లేచేసరికి బయట గోల మొదలైంది. పొద్దుటినుంచీ నిలబడ్డాం, మీ ఇష్టమొచ్చినట్టు లేచిపోతారా అని ఎవరో అద్దం మీద కొట్టారు. మర్నాటి నుంచి అపరాధ రుసుము పడుతుంది మరి, వాళ్ల కోపంలో తప్పులేదు. పక్క కౌంటరాయన చేతులు జోడించి దణ్ణం పెట్టాడు, ఆవిడకో, జనానికో తెలియదు. ఆటోలోంచి డాక్టరుకు ఫోను చేస్తే, ఏదో శిక్షణకని వేరే ఊళ్లో ఉన్నాడు. ఇది మన గదిలో చేసే పని కాదు, రక్తం ఎక్కించే వసతున్న పెద్ద ఆస్పత్రికి వెంటనే పట్టుకుపొమ్మన్నాడు. ముందే చెప్పానని అనలేదు. అననందుకు ఆవిడకు ఇంకా కష్టమనిపించింది.

పెద్ద ఆస్పత్రికి అద్దాల తలుపులు, నేలలో మొహం కనిపించే రాళ్లు. చింపిరిని చక్రాల బల్ల మీద లోపలికి తీసుకుపోయారు. పొట్ట స్కానింగులో గర్భసంచి నిండా చీము. బతికే వీలు సగం సగం అన్నారు. ముందు పన్నెండు వేలు కట్టి, ఇక్కడ సంతకం పెట్టమని కౌంటరులో అమ్మాయి కాగితం తోసింది. 'యజమాని సంతకం' అని ఉంది. ఇరవై రెండేళ్లుగా ఏ కాగితమైనా ఆ ఇంటి తరపున సంతకం పెట్టేది టోకెనక్కే. కలం తీసుకుంది. ఒక్క క్షణం ఆగి, అత్తగారి చేతికిచ్చింది.

ఏముంది అందులో అని అత్తగారు అడిగారు. చచ్చిపోయినా మనం ఏమీ అనకూడదని ఉంది అంది కోడలు. అత్తగారు అద్దాలు పెట్టుకోకుండానే, పింఛను పుస్తకంలో పెట్టినట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా పెట్టారు. ఇంటిపేరు దాకా రాకుండానే కలం తిరిగిచ్చేశారు.

బయట ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నారు. గంటంబావు పట్టింది. గంట దాటాక అత్తగారే మొదలుపెట్టారు, ఎదుటి గోడకేసి చూస్తూ.

"ఊళ్లో వాళ్లందరి మీదా అరుస్తావట కదా."

"ఎవరన్నారు?"

"అందరూ. నీ అరుపులకు జనం హడలిపోతారట. మరి నా మీద అరవడానికి నీకేం అడ్డొచ్చింది?"

టోకెనక్క చేతిలోని రసీదును ఇంకో మడత పెట్టింది.

"సంతకం నువ్వే గిలికేసి తీసుకుపోతే ఏం చేసేదాన్ని? నాలుగు మాటలనేదాన్ని. రెండు పూటలు అన్నం మానేసేదాన్ని. అంతేగా. చామంతి పూలు కావాలా అత్తయ్యా అన్నంత మెల్లగా అడిగావు. అంత మెల్లగా అడిగితే అది ప్రాణం సంగతని నాకెలా తెలుస్తుంది?"

"మీ మాట తీసెయ్యలేక, అత్తయ్యా."

"తీసెయ్యాల్సింది."

అంతే. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేదు. టోకెనక్కకు ఆ క్షణాన వచ్చినది కోపమే. తన మీద, అత్తగారి మీద, కుర్చీ మీద, ఎదుటి గోడ మీద పళ్లికిలిస్తున్న కుక్కపిల్ల బొమ్మ మీద. ఇరవై రెండేళ్లు ఒళ్లు దగ్గరపెట్టుకుని కాపాడుకొచ్చిన మర్యాద ఇదా చేసింది అనుకుంది. ఎవరికీ అక్కర్లేని మర్యాద.

చింపిరి బతికింది. తీసేసిన గర్భసంచి కిలోంబావు తూగిందని లోపలి డాక్టరు చెప్పాడు. చేసింది మాత్రం టేబుల్ టెన్నిస్ బల్ల పక్కన పావుగంటలో ఊరికే చేసే ఆపరేషనే, కాకపోతే కుళ్లిపోయాక చేశారు. నాలుగు రోజులు అక్కడే ఉంచారు. మెడకు గరాటు తగిలించుకుని ఇంటికొచ్చినప్పుడు అది తలుపులన్నింటినీ గుద్దుకుంటూ పోయి అత్తగారి మంచం కిందే దూరింది.

దీనివల్ల ఎవరికైనా బుద్ధొచ్చిందా అంటే, అంత సుఖం లేదు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అత్తగారు, ఆపరేషన్ చేశాక ఎలా చిక్కిపోయిందో చూడండి అని చూపించారు. చూసినవాళ్లలో ఇద్దరు తమ కుక్కల టోకెన్లు వెనక్కిచ్చేశారు. చిక్కింది ఆపరేషన్ వల్ల కాదు, చేయకపోవడం వల్ల అని టోకెనక్క వాళ్లిళ్లకు వెళ్లి అరిచి వచ్చింది. ఒకావిడ ఒప్పుకుంది. రెండో ఆయన తలుపు వేసుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారితో కూడా అరిచింది, పెళ్లయ్యాక మొదటిసారి. కంచం ముందు భర్త ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. అత్తగారు ఆసాంతం విని, చారు కలుపుకుంటూ, ఇప్పుడేం లాభం అన్నారు.

ఒప్పుకోలు కాగితంలో 'తిండి పెట్టేవారి సంతకం' అన్న పంక్తి అలాగే ఉంది. పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు సంతకం కుదరడం లేదని చెబితే ఆవిడిప్పుడు వెనక్కు పంపదు. కాగితం పట్టుకుని తనే వాళ్లింటికి పోతుంది. దానివల్ల శనివారాలు కూడా పోయాయి. పోయినచోటల్లా తిట్లే. మొన్నొకచోట ఒక ముసలాయన చేతికర్ర ఎత్తాడు, కొట్టలేదు, సంతకమూ పెట్టలేదు.

ఆ గురువారం కౌంటరు మూసి పోయినందుకు ఆఫీసువాళ్లు సంజాయిషీ అడిగి, ఒకరోజు జీతం కోశారు. ఆస్పత్రి బిల్లు మొత్తం ముప్పై ఒక్క వేల ఆరు వందలు అయింది. ముందు కట్టిన పన్నెండు వేలు పోను, నెలకు రెండు వేల చొప్పున మూడు నెలలు కట్టారు. ఇంకా పదమూడు వేల ఆరు వందలు బాకీ.